బంతి వెనక్కి పోయిన విషయంపై విచారణ

మన మహిళా రగ్బీ జట్టు పసిఫిక్ సముద్రంలోని ఒక చిన్న ద్వీప దేశానికి వెళ్ళి మూడు మ్యాచ్‌లు ఆడి వచ్చింది. మొదటి రెండూ ఓడిపోయింది. మూడోది గెలిచింది. పరాయి దేశంలో మన జట్టు గెలవడం అదే మొదటిసారి. అలాంటిది జరుగుతుందని ఎవరూ ఊహించలేదు గనక అందుకు ఏర్పాట్లేవీ లేవు. ఓడినప్పుడు పత్రికలకు ఇవ్వవలసిన ప్రకటన మాత్రం బయలుదేరే ముందే తయారుచేసి నా సంచిలో పెట్టారు. గెలిచాక దాన్నే వాడాను. “వీరోచితంగా పోరాడి ఓడినప్పటికీ” అన్న చోట “ఓడినప్పటికీ” కొట్టేశాను.

నేను ఆ జట్టు మేనేజర్ని. పేరు చివుకుల విశ్వపతి. అసలు ఉద్యోగం ఉద్యానశాఖలో, మామిడి అంట్ల విభాగంలో. అక్కడి నుంచి డిప్యుటేషన్ మీద జాతీయ మహిళా రగ్బీ అభ్యున్నతి మండలికి వచ్చాను. రగ్బీ అంటే ఏమిటో నాకు బొత్తిగా తెలియదన్న కారణంతోనే నన్ను ఎంపిక చేశారు. ఆట తెలిసినవాళ్ళయితే పక్షపాతం చూపుతారని మండలి అభిప్రాయం.

వెళ్ళి వచ్చేలోగా కొంత తెలుసుకున్నాను. ఇందులో బంతి గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డు లాగా ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకుని పరుగెత్తి, అవతలి వాళ్ళ గీత దాటి నేలకు ఆనించాలి. దారిలో వాళ్ళు మీదపడి పడగొడతారు. పడిపోయేలోగా బంతిని మనవాళ్ళలో ఒకరికి అందించాలి. అయితే చేత్తో బంతిని పక్కకో వెనక్కో మాత్రమే వెయ్యాలి. ముందుకు వేస్తే తప్పు. రిఫరీ ఈల వేసి ఆటను అవతలి వాళ్ళ చేతికి ఇచ్చేస్తారు. మనుషులు ముందుకు పరుగెత్తుతుంటారు, బంతి వెనక్కి వెళ్తూ ఉంటుంది, మొత్తం మీద జట్టు ముందుకు పోతుంది. మొదట్లో నాకూ వింతగానే ఉండేది, నాలుగు రోజులు చూస్తే అలవాటైపోయింది.

కెప్టెన్ గురుగుబెల్లి హేమసుందరిది సోంపేట దగ్గర సముద్రం ఒడ్డున ఒక ఊరు. సన్నగా, పొట్టిగా ఉంటుంది. చిన్నప్పటి నుంచీ ఇసుకలో పరుగెత్తిన మనిషి గనక గట్టి నేల మీద ఆమెను అందుకోవడం కష్టం. అంతకంటే గొప్ప సంగతి, తన వెనక ఎవరు ఎక్కడ ఉన్నారో తల తిప్పకుండానే ఆమెకు తెలుస్తుంది. వయసు ఇరవై తొమ్మిది. రగ్బీలో ఆమెకు మహా అయితే ఇంకో రెండేళ్ళు ఉన్నాయని ఆమే చెబుతుండేది.

గుగులోత్ లలితది మహబూబాబాద్ దగ్గర తండా. జట్టులో అందరికంటే బలమైన మనిషి. ఆమెను పడగొట్టాలంటే అవతలి వాళ్ళు ముగ్గురు రావాలి. పాపం రెండో మ్యాచ్‌లో ఆ ముగ్గురూ మాటిమాటికీ వచ్చారు. లలిత కంగారు పడిపోయి బంతి చేతికి వచ్చిన ప్రతిసారీ ఎదురుగా ఎటో విసిరేసింది. ఈల మీద ఈల. చిత్తుగా ఓడిపోయాం. బస్సులో ఆమె మొహం కప్పుకుని ఏడుస్తూ ఉంటే హేమసుందరి పక్కన కూర్చుంది. మర్నాటి నుంచి రోజూ ఆమెతో ఒక గంట ఎక్కువ సాధన చేయించింది. మూడో మ్యాచ్‌లో లలిత గోడలా నిలబడింది. చివరి నిమిషాల్లో హేమసుందరి ఇద్దరు మీదపడుతుండగా తన భుజం మీదుగా, చూడకుండానే, బంతిని వెనక్కి వేసింది. అక్కడ మన ఒడిశా అమ్మాయి ఉంది. ఆ పిల్ల పరుగెత్తుకుంటూ వెళ్ళి గీత దాటింది. నేను ఉద్యానశాఖలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను గాని, కుర్చీలోంచి లేచి గెంతడం అదే మొదలు.

మేము తిరిగొచ్చేసరికి ప్రభుత్వం ఆ సంవత్సరాన్ని పురోగమన సంవత్సరంగా ప్రకటించి ఉంది. అన్ని సంస్థలూ తాము ముందుకు పోతున్నట్టు కొలిచి చూపించాలని ఉత్తర్వు. పాల సంఘం వారు చూపించారు, గ్రంథాలయాల వారు చూపించారు. మా మండలి దగ్గర చూపించడానికి ఈ పర్యటన తప్ప మరేమీ లేదు. అందుకని పర్యటనలో జట్టు పనితీరును మదింపు చేసి, విశిష్ట క్రీడాకారిణులను గుర్తించడానికి ఒక సంఘం వేశారు.

సంఘానికి అధ్యక్షులు మండలి ఛైర్మన్ ధూళిపాళ వెంకటరత్నంగారే. నీటిపారుదల శాఖలో చీఫ్ ఇంజనీరుగా రిటైరయ్యారు. కాలవల్లో నీరు ఎటు పారుతుందో చూస్తూ జీవితమంతా గడిపిన పెద్దమనిషి. రెండో సభ్యుడు డాక్టర్ ప్రణీత్ అనే ప్రేరణా నిపుణుడు. పాల సంఘం ముందుకు పోయినట్టు కొలిచి చూపించింది ఆయనే. మూడోవాణ్ణి నేను, రాసుకోవడానికి.

గెలిచిన మ్యాచ్ వీడియో వేశారు. ఛైర్మన్‌గారు మొదటి అయిదు నిమిషాలు కుర్చీలో వాలి చూశారు. ఆ తర్వాత ముందుకు వంగారు. మళ్ళీ వెయ్యమన్నారు. మూడోసారి వేసినప్పుడు కళ్ళజోడు తీసి తుడుచుకుని, వీళ్ళు బంతిని వెనక్కి ఇస్తున్నారేమిటని నన్ను అడిగారు. ఆట నియమం అదేనని చెప్పాను. నియమం సంగతి తర్వాత, ముందు ఇది ఎంతకాలంగా జరుగుతోందని అడిగారు. మొదటినుంచీ అన్నాను. ఆయన డాక్టర్ ప్రణీత్ వైపు చూశారు. డాక్టర్ ప్రణీత్ కళ్ళు మూసుకుని, బాధను దిగమింగుకుంటున్నట్టు తల ఊపారు.

మర్నాడు హేమసుందరిని పిలిపించారు. ఆమె ఇస్త్రీ చేసిన జట్టు కోటు వేసుకుని వచ్చింది. ఆమెను చూస్తే, మెచ్చుకోవడానికే పిలిచారని అనుకున్నట్టు తెలుస్తూనే ఉంది. ఛైర్మన్‌గారు వీడియోను సరిగ్గా ఆ చివరి ఘట్టం దగ్గర ఆపించారు.

“ఈ సందర్భంలో మీరు బంతిని వెనుకకు తరలించినట్టు సంఘం దృష్టికి వచ్చింది. కారణం ఏమిటమ్మా?”

“నన్ను పట్టీసుకున్నారు కదండి. ఎనకాల మా పిల్లకి ఖాళీ ఉంది. అందుకిచ్చేనండి.”

“వెనుక ఉన్నవారికే ఎందుకు? ముందున్నవారికి ఇవ్వవచ్చు గదా.”

“ముందు మనోళ్ళుండరు సార్. ముందున్నోళ్ళందరూ ఆళ్ళే.”

ముందు వరుసలో మనవాళ్ళు లేకపోవడం నాయకత్వ లోపంగా రాసుకోమని ఛైర్మన్‌గారు నాకు చెప్పారు. రాసుకున్నాను. హేమసుందరి ఓపికగా, ఇది ప్రపంచమంతటా ఉన్న నియమమేనని, ముందుకు వేస్తే తప్పు పడుతుందని వివరించింది. ప్రపంచం ఈ నియమం పెట్టేటప్పుడు మన మండలిని సంప్రదించిందా అని ఛైర్మన్‌గారు నన్ను అడిగారు. సంప్రదించినట్టు దాఖలా లేదన్నాను. అయితే దాన్ని పరిశీలనలో ఉన్న అంశంగా భావించాలని ఆయన తేల్చారు.

హేమసుందరి లేచి నమస్కారం పెట్టి బయటికి వచ్చింది. వెంట వచ్చిన నన్ను మెట్ల దగ్గర ఆపింది.

“గెలిచిన మ్యాచి గురించి ఎవరైనా అడుగుతారనుకున్నాను మేనేజర్ గారూ. ఆ బంతి ఎలాగిచ్చేనో సెప్పాలని ఇమానంలో కూకొని అంతా అనుకున్నాను.”

మండలి తరఫున సమాధానం చెప్పే అధికారం నాకు లేదు గనక ఆమెను గేటు దాకా సాగనంపాను.

డాక్టర్ ప్రణీత్ ఒక సూచిక తయారుచేశారు. దాని పేరు పురోగమన సూచిక. చేత్తో వేసిన ప్రతి బంతీ ముందుకు ఎంత దూరం పోయింది, వెనక్కి ఎంత దూరం పోయింది అన్నది కంప్యూటరు లెక్క కడుతుంది. పరుగెత్తిన దూరం కూడా కలపకూడదా అని నేను అడిగాను. పరుగు అన్నది క్రీడాకారిణి వ్యక్తిగత విషయమని, బంతి మాత్రమే జాతీయ ఆస్తి అని ఆయన చెప్పారు.

ఫలితాలు వచ్చాయి. గెలిచిన మ్యాచ్‌లో బంతి ఎంత వెనక్కి పోయిందంటే, కంప్యూటరు లెక్క ప్రకారం మన జట్టు మైదానం దాటి, స్టేడియం గోడ దాటి, సముద్రంలో కొంత లోపల ఉండాలి. గెలవడం యాదృచ్ఛికమనీ, వెనక్కి పోవడం వాస్తవమనీ సంఘం అభిప్రాయపడింది. మొదటి మ్యాచ్ కొంత నయం. మన చేతికి బంతి పెద్దగా దొరకలేదు గనక వెనక్కి పోయే అవకాశమూ తగ్గింది. అన్నిటిలోకీ ఉత్తమమైన ప్రదర్శన రెండో మ్యాచ్‌ది. చిత్తుగా ఓడిన ఆ మ్యాచ్‌లో ఒకే ఒక క్రీడాకారిణి ప్రపంచాన్ని లెక్క చెయ్యకుండా బంతిని పదేపదే ముందుకు విసిరినట్టు తేలింది.

ఆ విధంగా గుగులోత్ లలిత ఈ పర్యటనలో విశిష్ట క్రీడాకారిణిగా ఎంపికైంది. ఆమెకు ‘పురోగమన రత్న’ బిరుదూ, జట్టు కెప్టెన్ పదవీ ఇచ్చారు. హేమసుందరి గురించి నివేదికలో “తిరోగమన ధోరణి కలదు. తనతోపాటు ఇతరులను కూడా ప్రభావితం చేయుచున్నది” అని ఉంది. ఆమెను కెప్టెన్సీ నుంచి తొలగించి, అదనపు ఆటగత్తెల బెంచీ మీదికి మార్చి, పురోగమన పునశ్చరణ శిక్షణకు పంపాలని సిఫారసు చేశారు. కోచ్‌గారిని కూడా విచారణకు పిలిచారు గాని, ఆయన అప్పటికే ఒక స్కూల్లో డ్రిల్ మాస్టారుగా చేరిపోయారు. అక్కడ పిల్లలు ఎటు పరుగెత్తినా ఎవరూ అడగరట.

బిరుదు సంగతి తెలిసిన రోజే లలిత ఛైర్మన్‌గారి గదికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. చేతులు కట్టుకుని నిలబడింది.

“సార్, గది నా తప్పు సార్. భయమైతుంటే ఏం చేస్తున్ననో తెల్వక ఏసిన. నాకీ రత్న వద్దు సార్. హేమక్కకియ్యుండ్రి.”

ఛైర్మన్‌గారి మొహం వెలిగిపోయింది.

“భయంలో కూడా ముందుకే వేశావు. స్వభావం అంటే అది.”

వినయానికి కూడా మార్కులు కలపమని నాకు చెప్పారు. లలిత బయటికి వచ్చి, హాస్టల్లో హేమసుందరి గది ముందు నిలబడి, లోపలికి వెళ్ళడానికి జంకింది. హేమసుందరే తలుపు తీసి లోపలికి లాక్కుపోయిందని వార్డెన్ చెప్పింది. ఆ తర్వాత ఇద్దరూ నవ్వడం వినిపించిందట. ఎవరు ఏడ్చారో, ముందుగా ఎవరు నవ్వారో ఆమె చెప్పలేకపోయింది.

సర్క్యులర్ వచ్చింది. ఇకనుంచి మన జట్టు క్రీడాకారిణులు బంతిని ముందుకు మాత్రమే వెయ్యాలి. మండలిలో మిగతా విషయాలకు కూడా ఇదే వర్తిస్తుంది. ఛైర్మన్‌గారు ఏదైనా మొదలుపెడితే సగంలో వదిలే మనిషి కాదు. జట్టు బస్సు రివర్సు చెయ్యడం నిషిద్ధమైంది. హాస్టల్ నుంచి మైదానానికి పావుగంట దారి కాస్తా, వెనక్కి తిప్పకుండా ఊరంతా చుట్టి రావలసి రావడంతో, ఉదయం టిఫిన్ బస్సులోనే పెట్టవలసి వచ్చింది. ఆఫీసులో ఫైలు ఏదీ వెనక్కి పంపకూడదన్నారు. తప్పులున్న సెలవు దరఖాస్తులు కూడా పైకి పైకి పోయి మంజూరైపోయాయి. ఆ నెలలో మండలి చరిత్రలో ఎన్నడూ లేనంతమంది సెలవులో ఉన్నారు. ఛైర్మన్‌గారు కూడా తనకు మినహాయింపు ఇచ్చుకోలేదు. ఒకనాడు ఆయన కారు బంధువుల ఇంటికి వెళ్ళి ఒక సందు చివర ఆగిపోయింది. సందుకు అవతల దారి లేదు. ఆయన ఆటోలో తిరిగొచ్చారు. కారు అక్కడే ఉంది. అడ్డంగా ఉన్న గోడ యజమానితో సంప్రదింపులు జరుగుతున్నాయి.

పునశ్చరణ శిక్షణలో హేమసుందరి ఏం చేసిందని అడిగితే, నడిచానని చెప్పింది. శిక్షణ సంస్థలో పొడుగాటి వరండా ఉంది. దాని మీద ముందుకు నడుస్తూ, తాము ముందుకు పోతున్నామని గట్టిగా అనుకోవాలి. వరండా చివర వెనక్కి తిరగడానికి వీల్లేదు గనక వంటింట్లోంచి బయటపడి, పెరడు చుట్టి మళ్ళీ మొదటికి రావాలి. వంటవాళ్ళతో మంచి స్నేహం కుదిరిందని చెప్పింది. అంతా నవ్వుతూనే చెప్పింది గాని, చెబుతున్నంతసేపూ చేతిలో లేని బంతిని తిప్పుతున్నట్టు వేళ్ళు కదుపుతూ ఉంది.

ఇంతలో ఆ ద్వీప దేశపు జట్టు మన దేశానికి వచ్చింది. హైదరాబాదులో ఒకటే మ్యాచ్. దాన్ని చూడ్డానికి ఆసియా పోటీల నిర్వాహకులు ఒక పరిశీలకురాలిని పంపుతున్నారు. మనవాళ్ళు గట్టిగా ఆడితే ఆసియా పోటీల్లో చోటు ఇస్తారు. లేకపోతే మళ్ళీ నాలుగేళ్ళ దాకా ఆ మాటే లేదు. నాలుగేళ్ళ తర్వాత హేమసుందరి ఆడదు. జట్టులో సగంమంది ఆడరు. ఈ సంగతి అందరికీ తెలుసు.

మ్యాచ్ నాడు మైదానం ఒక మాదిరిగా నిండింది. మన జట్టు వరసగా నిలబడింది, ముందు లలిత. హేమసుందరి బెంచీ మీద నా పక్కన కూర్చుంది. ఛైర్మన్‌గారూ, డాక్టర్ ప్రణీత్ పైన షామియానా కింద కంప్యూటరు పెట్టుకుని కూర్చున్నారు.

మొదటి బంతి లలిత చేతికి వచ్చింది. ఒక్క క్షణం బెంచీ వైపు చూసి, కళ్ళు మూసుకుని ముందుకు విసిరింది. ఈల. తర్వాత ఒడిశా అమ్మాయి విసిరింది. ఈల. అవతలి జట్టు వాళ్ళు ఇది ఏదో కొత్త ఎత్తుగడ అనుకుని మొదట జంకారు. కాసేపటికి అది కాదని తెలిసి గీత దాటడం మొదలుపెట్టారు. వాళ్ళ కెప్టెన్ మంచిది, ఆట ఆగినప్పుడు లలిత దగ్గరికి వచ్చి, నియమాలు కావాలంటే తాను చెబుతానని ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది. లలిత తల వంచుకుంది. రిఫరీ అయితే నేరుగా నా దగ్గరికే వచ్చి, మీ వాళ్ళకు ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది. ఆరోగ్యం బాగానే ఉందని, ఇది విధాన నిర్ణయమని చెప్పాను.

హేమసుందరి అరచేతులు మోకాళ్ళ మీద బిగించి కూర్చుంది. జనంలో కొంతమంది లేచి వెళ్ళిపోతున్నారు. మొదటి సగం ముగిసేసరికి మనకు సున్నా. వాళ్ళ అంకె బోర్డు మీద చూడ్డానికి బాగాలేదు. షామియానా కింద ఒక్కరు చప్పట్లు కొట్టడం వినిపించింది. డాక్టర్ ప్రణీత్. సూచిక ఇంతవరకూ ఎన్నడూ అందుకోని ఎత్తుకు చేరిందట.

సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథిగా క్రీడల మంత్రిగారు వచ్చారు. ఆయన్ను ఆహ్వానించడానికి నేనూ పైకి వెళ్ళాను. కూర్చుంటూనే మనవాళ్ళ స్కోరెంత అని అడిగారు. స్కోరు అనేది ఫలితం మాత్రమేనని, మండలి ప్రక్రియను చూస్తుందని ఛైర్మన్‌గారు విన్నవించారు.

“ప్రక్రియ బాగానే ఉందయ్యా. నేను ఇంటికి పోగానే మా మనవరాలు అడిగేది స్కోరే. అక్కడెక్కడో గెలిపించిందే, ఆ అమ్మాయి ఆడటం లేదా?”

ఛైర్మన్‌గారు ఆ అమ్మాయి పునశ్చరణలో ఉన్నదని చెప్పారు. పూర్తయిందా అని మంత్రిగారు నన్ను అడిగారు. పూర్తయిందని నేను చెప్పాను. అయితే దింపండన్నారు. సర్క్యులర్ ఉల్లంఘన మాత్రం జరగకూడదన్న షరతు మీద ఛైర్మన్‌గారు ఒప్పుకున్నారు, ఆ షరతు స్వయంగా చెప్పడానికి నన్ను వెంటబెట్టుకుని కిందికి దిగివచ్చారు.

అమ్మాయిలు గుంపుగా నిలబడి నీళ్ళు తాగుతున్నారు. ఎవరూ ఎవరి మొహం చూడటం లేదు. ఛైర్మన్‌గారు ఉపన్యసించారు. దేశం ముందుకు పోతున్న తరుణంలో బంతి వెనక్కి పోరాదని, ప్రతి బంతినీ కంప్యూటరు గమనిస్తోందని చెప్పారు. అప్పుడు హేమసుందరి చెయ్యెత్తింది.

“ఒక్క మాట సార్. ఆ కాయితంలో ముందు, ముందు అని ఉంది గాని, ముందంటే ఏ పక్కో రాయలేదండి. అది ఎటండి?”

ఛైర్మన్‌గారికి కోపం వచ్చింది. ముప్పైనాలుగేళ్ళు కాలవలు తవ్వించిన మనిషిని ముందు ఎటని అడిగితే రాదా మరి.

“ముందు ఏదో కూడా తెలియకుండా ఇన్నాళ్ళూ ఆడుతున్నారా? మనిషి ముఖం ఎటు ఉంటే అది ముందు. వీపు ఎటు ఉంటే అది వెనుక. విశ్వపతిగారూ, దీన్ని వివరణగా చేర్చి, కంప్యూటరు వారికి కూడా తెలియజేయండి.”

నేను రాసుకుని, సంతకం పెట్టించుకుని, నకలు పైకి పంపాను. హేమసుందరి దాన్ని నా చేత మళ్ళీ ఒకసారి చదివించుకుంది. తర్వాత అమ్మాయిల మధ్యలోకి వెళ్ళింది.

“ఇన్నారు కదా. ముందుకే పరిగెట్టండి. ఆళ్ళు పట్టుకున్నప్పుడు మొకం మనోళ్ళ పక్కకి తిప్పండి. తిప్పి, మీ మొకం ఎదురుగా ఎవరుంటే ఆళ్ళకిచ్చీయండి.”

అదే మాట హిందీలో మళ్ళీ చెప్పింది. అందరికంటే ముందు అర్థమైంది లలితకు. చేతిలోని నీళ్ళ సీసా కింద పడేసి పకపకా నవ్వింది. ఛైర్మన్‌గారు అది ఉత్సాహమని భావించి, తృప్తిగా మెట్లెక్కారు.

రెండో సగం గురించి నేను చెప్పేది కొంత అతిగా అనిపించవచ్చు. కాని అక్కడ ఉన్నవాళ్ళు ఎవరైనా ఇదే చెబుతారు. లలిత బంతి పట్టుకుని పరుగెత్తింది. ముగ్గురు వచ్చి మీదపడ్డారు. పడుతూ పడుతూ సుడి తిరిగినట్టు తిరిగి, తన మొహానికి ఎదురుగా ఉన్న హేమసుందరికి బంతి వేసింది. ఈల పడలేదు. హేమసుందరి పది అడుగులు దూసుకుపోయి, తిరిగి, ఒడిశా అమ్మాయికి వేసింది. ఈల పడలేదు. ఆ పిల్లను పట్టుకోవడానికి ఎవరూ మిగల్లేదు. పైన డాక్టర్ ప్రణీత్ కంప్యూటరు అన్ని బంతులూ ముందుకే పోయినట్టు చూపిస్తోంది. కింద రిఫరీ అన్ని బంతులూ వెనక్కే పోయినట్టు చూస్తోంది. ఇద్దరూ తృప్తిగానే ఉన్నారు. వెళ్ళిపోతున్న జనం గేటు దగ్గర ఆగి, మళ్ళీ లోపలికి వచ్చారు.

మన అంకె పెరుగుతూ పోయింది. అవతలి కెప్టెన్ తన జట్టును కేకలు వెయ్యడం మొదలుపెట్టింది. ఇందాకటి జాలి ఆమె మొహంలో లేదు. అది చూసి నాకు ఎంతో గర్వంగా అనిపించింది. చివరి నిమిషంలో గీతకు నాలుగడుగుల దూరంలో లలితను నలుగురు పట్టుకున్నారు. ఆమె పడలేదు. ఆ నలుగురినీ వేలాడేసుకుని అలాగే నిలబడి, మెల్లగా మొహం తిప్పి, బంతిని హేమసుందరి చేతుల్లో పెట్టింది. హేమసుందరి లలిత పక్కనుంచి దూకి గీత దాటింది.

మొత్తం మీద ఓడిపోయాం. మొదటి సగంలో వాళ్ళు చేసింది అంతటిది. తేడా మాత్రం కొంచెమే. పరిశీలకురాలు నా దగ్గరికి వచ్చి, మొదటి సగం తనకు ఇప్పటికీ అర్థం కాలేదని, రెండో సగం ఆడిన జట్టును ఆసియా పోటీలకు పంపమని చెప్పింది. ఆ రెండూ ఒకటే జట్టని చెప్పాను. నమ్మినట్టు కనిపించలేదు.

సంఘం వారంలో సమావేశమైంది. రెండు సగాల్లోనూ సూచిక ఉత్తమంగానే ఉన్నందున, రెండిటికీ స్కోరులో తేడా ఎందుకు వచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు. మంత్రిగారి రాక వల్ల కలిగిన ప్రేరణే కారణమని డాక్టర్ ప్రణీత్ తేల్చారు. ఛైర్మన్‌గారు ఇచ్చిన వివరణను ‘ముఖ పరివర్తన విధానం’ పేరుతో ఇతర శాఖలకు కూడా పంపారు. నీటిపారుదల శాఖ వారు ఆసక్తి కనబరిచినట్టు తెలిసింది.

ఇక హేమసుందరి విషయం. ఆమెను మళ్ళీ కెప్టెన్ చెయ్యాలని లలిత అడిగింది. మంత్రిగారి కార్యాలయమూ అదే అడిగింది. కాని తొలగించిన పదవికి తిరిగి పంపడమంటే వెనక్కి పంపడమే అవుతుంది. ఛైర్మన్‌గారు బాగా ఆలోచించి, ఆమెను ముందుకు మాత్రమే పంపగలమన్నారు. కెప్టెన్‌కు ముందున్న పదవి కోచ్. అది ఎలాగూ ఖాళీగా ఉంది. ఉత్తర్వు నేనే తీసుకువెళ్ళి ఇచ్చాను.

ఆమె చదివి, మంచం మీద కూర్చుండిపోయింది. నాకిప్పుడు కోచ్ పని ఎందుకండి, నాకింకా రెండేళ్ళ ఆట ఉంది కదా అంది. కళ్ళనిండా నీళ్ళున్నాయి. ఉన్నట్టుండి ఆమే, ఏ మ్యాచ్‌లో ఎవరు ఆడాలో రాసేది ఎవరని అడిగింది. కోచ్ అని చెప్పాను. కోచ్ తన పేరు తాను రాసుకోకూడదని ఎక్కడైనా ఉందా అని అడిగింది. మండలి నియమావళి మొత్తం నాకు కంఠతా వచ్చు. కోచ్ ఇలాంటి పని చేస్తాడన్న అనుమానం దాన్ని రాసినవాళ్ళకు కలగలేదు. లేదని చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకుని, పెన్ను ఉందా మేనేజర్ గారూ అంది.

ఆసియా పోటీల శిబిరంలో మొదటి రోజు సాధన ముగించుకుని బస్సులో వస్తున్నాం. కొత్త కోచ్ ముందు సీటులో కూర్చోకుండా అమ్మాయిల మధ్య నిలబడి, ఆ రోజు ఎవరు ఎలా పరుగెత్తారో, ఎవరి భుజం ఎక్కడ తగ్గిందో ఒక్కొక్కరికే చెబుతోంది. లలిత కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఆమె వంతు వచ్చేసరికి తనే అడిగేసింది.

“అక్కా, గా హైదరాబాద్ మ్యాచ్‌ల నేను మంచిగ ఆడిననా? నిజం చెప్పు.”

“మొదటి సగం గోరంగా ఆడేవు. కాయితం సంగతి కాదు. నిన్ను పడగొట్టకముందే నువ్వు పడిపోయేవు. రెండో సగం, నువ్వు లేకపోతే నేను ఆ గీత దాటేదాన్ని కాదు.”

లలిత పక్కకు జరిగి చోటిచ్చి, మొదటి సగంలో ఎక్కడెక్కడ ఘోరంగా ఆడిందో అంతా వివరంగా చెప్పమంది. హేమసుందరి ఆమె పక్కన కూర్చుని, బస్సు హాస్టల్ చేరేదాకా చెబుతూనే ఉంది.